ఒకటికి పది

పగలంతా పళ్లు చేస్తాను.
నారాయణగూడలో, మెట్ల కింద ల్యాబు.
ఎవరి నోరో తెలియదు, అచ్చు వస్తుంది,
ప్లాస్టర్ పోస్తాను, మైనం చెక్కుతాను.
వెంట్రుక మందం ఎత్తు పెరిగినా
కొరికిన మనిషికి నిద్ర పట్టదు.
ఆ వెంట్రుక మందమే నా బతుకుతెరువు.

రాత్రి తొమ్మిది దాటాక
అదే బల్ల మీద, అదే దీపం కింద
టిప్పర్ లారీ కడుతున్నాను,
మూరంబావు పొడవు.

ఫ్రేముకి అల్యూమినియం పట్టీ
రాణీగంజ్ తుక్కులో, కిలో లెక్కన.
యాక్సిళ్లు బాలానగర్ ఇద్రీస్ లేతు మీద తీశాడు.
మొదటి జత వంకరపోయింది.
రెండోసారి డబ్బులు తీసుకోలేదు, తిట్టాడు:
"బొమ్మకి ఇన్ని కొలతలేంది భాయ్,
పెండ్లిపిల్ల గాజులా?"
మోటారుకీ సర్వోకీ
కోఠీ గుజరాతీ గల్లీకి నాలుగుసార్లు తిరిగాను.
తొట్టి, పల్లీనూనె డబ్బా రేకు.
బొమ్మ ఉన్న వైపు లోపలికి తిప్పాను.
అడుగున ఇంకా సగం వేరుశనగకాయ కనిపిస్తుంది,
గీకేయబుద్ధి కాలేదు.

రంగు కొత్తగా ఉంటే అబద్ధమాడినట్టుంటుంది.
ముందు తుప్పురంగు, దాని మీద తడి, తడి మీద ఉప్పు,
ఆపైన పసుపు.
ఆరాక రుద్దితే ఉప్పు రాలిన చోటల్లా
పాతికేళ్ల వానలు బయటపడ్డాయి.
మూడు రాత్రులు పట్టింది
బండిని ముసలిది చేయడానికి.

ఆటోనగర్ జంగయ్య, నిజం లారీల మీద రాసేవాడు,
వెనక పలక చూసి నవ్వాడు:
"గింతదాని మీద ఏం రాయమంటవ్?"
కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని,
ఊపిరి బిగబట్టి
హారన్ ఓకే ప్లీజ్ రాశాడు.
కింద, అడక్కుండానే,
ఒక నిమ్మకాయ, రెండు మిరపకాయలు.
"చిన్నదానికే దిష్టి ఎక్కువ."

అయినా సీటు ఖాళీ.

ల్యాబు అరలో ఒక డబ్బా ఉంది.
మూత మీద నా చేతిరాత:
ఎల్లేశం, పై ముందు పళ్లు రెండు.
క్వారీ టిప్పర్ డ్రైవరు.
పన్ను రంగు కలపమని డాక్టరు నేరుగా నా దగ్గరికి పంపాడు.
కిటికీ వెలుగులో నోరు తెరిచి కూర్చుని,
మధ్యమధ్యలో మూసి, చెప్పాడు:
"గుట్ట ఎక్కేటప్పుడు కాలుతోని కాదు సార్,
ముడ్డితోని నడపాలె. బండి ఊపిరి ఇనాలె."
ఐదొందలు అడ్వాన్సు ఇచ్చాడు.
మళ్లీ రాలేదు.
ఆ నంబరుకి ఇప్పుడు ఎవరో హిందీ అమ్మాయి పలుకుతుంది,
నన్ను గుర్తుపట్టి విసుక్కుంటుంది కూడా.

పళ్ల చిగుళ్లు పోసే మసాలాతోనే మనిషిని చేశాను.
ఉసిరికాయంత తల, మెడకి తువ్వాల,
తెరిచిన నోరు.
వేల పళ్లు కట్టిన చేయి ఇది.
ముందు రెండూ పెట్టకుండా ఆగడానికి
ఎంత కష్టపడిందో.

ఆదివారం, తెల్లారకముందే, ఖాజాగూడ గుట్టలు.
రాత్రి చల్లదనం ఇంకా రాయి లోపలే ఉంది.
అవతల క్రేన్లు, సగం లేచిన అంతస్తులు.
ఇవతల, ఏనుగు వీపులాంటి బండ కింద
బండి ముందు చక్రం పైకెత్తి
గాలిలో దేన్నో వెతుకుతోంది.
బోల్తా.
కుక్క ఒకటి మొరిగి, దగ్గరికొచ్చి, వాసన చూసి పోయింది.
మళ్లీ బోల్తా. సైడు అద్దం విరిగింది.
చక్రాల్లోకి సీసం ముక్కలు దూర్చాను,
బరువు కిందికి దిగాలి.

మూడోసారి కళ్లు మూసుకున్నాను.
మోటారు మూలిగింది, ఆగింది, గొంతు మార్చింది.
వేలు కొంచెం వదిలాను.
ఇంకొంచెం.
రబ్బరు రాయిని పట్టుకున్న చప్పుడు
ఇంత చిన్నదని తెలియదు.

కళ్లు తెరిచేసరికి అది పైన ఉంది.
అక్కడే బ్యాటరీ అయిపోయింది.

తెచ్చుకోవాలంటే నేనెక్కాలి,
ఒకటికి ఒకటి, తొంభై కిలోలు, ఎడమ మోకాలు నొప్పి.
చెప్పులు విడిచి
నాలుగు కాళ్ల మీద పాకాను.
పైన ఎల్లేశం నా వైపు చూడటం లేదు,
క్రేన్ల వైపు నోరు తెరిచి ఉన్నాడు.
కాసేపు పక్కన కూర్చున్నాను.
దిగడం ఎలాగో ఇంకా ఆలోచించలేదు.

రేపు మూడు క్రౌన్లు, ఒక పళ్లసెట్టు ఇవ్వాలి.
అద్దం అతికించాలా,
అలాగే వదిలేయాలా, చూడాలి.