రెండు గంటల ఛార్జింగు

కట్టరు మీద జీడిపిక్కలు కోసేటప్పుడు
ఫోను బొడ్లో దోపుకుంటాను.
"నడుం మీద తేలెట్టుకున్నావేటే" అని
పక్క పీట మీది గున్నమ్మొదిన నవ్వుతుంది.
తేలే మరి.
ఎప్పుడు కుడుతుందో తెలీదు.

బడి కాశీబుగ్గలో, ఫేక్టరీ పలాసలో,
మధ్యన రైలు గేటు.
గేటుకి అవతల నా డిల్లేసు,
వాడి ఎడం చేతికి సిమ్ము వేసిన నల్ల వాచీ.
దాని అడుగున మిణుగురంత పచ్చ వెలుగు
వాడి నెత్తురు ఎంత జోరుగా పోతోందో
ఆగకుండా లెక్క రాసుకుంటుంది.

రెండు నెలల కూలీ పోసి కొన్నాను.
శ్రీకాకుళం డాక్టరు గారు వద్దనలేదు, అవుననీ అనలేదు.
"ఇది మందు కాదమ్మా, కబురు మాత్రమే.
ఫిట్సు మాత్రలు మానొద్దు" అన్నారు.

మొదటి వారం కబుర్లే కబుర్లు.
మంగళవారం నూట అరవై అని కుట్టింది.
పరుగెత్తాను. కబడ్డీ.
మర్నాడు మళ్లీ. ఎక్కాలు రాలేదని
లెక్కల మాస్టారు బెంచీ ఎక్కించారట.
శుక్రవారం అసలు గుండే లేదంది.
ఒంటి చెప్పుతో గేటు కింద దూరి వెళ్తే,
వాచీ విప్పి మేకపిల్ల కాలికి కట్టాడు గుంటడు,
దానికెంత వస్తుందో చూద్దామని!
కొట్టాలో నవ్వాలో తెలీక
అక్కడే కూలబడి ఏడ్చాను.
దండాసి మేస్త్రీ మూడు పూటల కూలీ కోశాడు.

అయితే ఒకటి.
వాడు చెప్పనివన్నీ తెలిసొచ్చాయి.
తొలి పీరియడంతా వాడి గుండె బెదురుతుందని,
అన్నం బెల్లుకి నెమ్మదిస్తుందని,
సాయంత్రం నాలుగింటికి, నేనింకా కనబడకముందే,
ఒక్కసారి గెంతుతుందని.

కార్తీకంలో ఒక రోజు, వాన పట్టిన పొద్దు.
కుట్టింది. ఆగింది.
మళ్లీ కుట్టి, ఇక ఆగలేదు.
మోచేతుల దాకా జీడినూనె, ఆముదం, బూడిద.
బొటనవేలు పెట్టాను. నువ్వెవరన్నట్టు చూసింది ఫోను.
కొంగుకి తుడిచి పెట్టాను. అలాగే చూసింది.
పదమూడేళ్లుగా సొన తినేసిన వేలు,
ఆధారు వాళ్లకే దొరకలేదు దాని గీతలు,
దీనికేం దొరుకుతాయి!
"అంకెలు సెప్పే, బేగి, అంకెలు!"
అంకెలంటే వాడు పుట్టిన రోజు.
వాడు పుట్టిన రోజు నా నోట రాలేదు.
రాలేదు.
వచ్చింది. గున్నమ్మొదిన ముక్కుతో నొక్కింది.

హైమావతి టీచరు రెండో రింగుకే ఎత్తారు.
"పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏటీ పెట్టకండి,
తాళాలొద్దు, గట్టిగా పట్టుకోవద్దు, టైము చూడండి" –
డాక్టరు గారి మాటలు నా గొంతులోంచి
నాకే కొత్తగా వినబడ్డాయి.
మరుగుదొడ్ల వెనక గోడవార,
ఎవరూ పోని చోట పడున్నాడట.

గేటు పడింది. గూడ్సు బండి.
యాభై ఎనిమిది పెట్టెలు.
లెక్కపెట్టడం తప్ప ఇంకేం చెయ్యను.
నేను వెళ్లేసరికి టీచరు ఒళ్లో కళ్లు తెరిచి
"అమ్మా, నీ సేతులు కంపు" అన్నాడు.

ఇప్పుడు రోజూ రాత్రి పదింటికి
వాచీకి ఛార్జింగు పెడతాను.
అది నిండే రెండు గంటలూ
వాడి మణికట్టు మీద, పట్టీ పడిన చారలో,
నా బొటనవేలు ఆనించి కూచుంటాను.
ఫోను ఎరగని వేలిని
నిద్రలో వాడు ఎరిగి దగ్గరకి లాక్కుంటాడు.
ఇక్కడ నాకు అంకెలు రావు.
జోరు తెలుస్తుంది. నెమ్మది తెలుస్తుంది.

మూలనున్న చిన్న దీపం ఎరుపు నించి పచ్చకి మారింది.
నిండిందని.
లేచి తేవాలి.
తెస్తాను,
ఇంకాసేపాగి.