ఒకసారి లాగితే

నేనెప్పుడూ ముఖానికి రంగు పూసుకోలేదు.
నా చోటు తెర పక్కన,
బోర్లించిన పాలడబ్బాల పెట్టె మీద.
ఒళ్ళో నాటకం ప్రతి, చేతిలో గని దీపం.
ఎవరు నీళ్ళు నమిలితే
వాళ్ళ నోటికి మాట అందించడం నా పని.

టాస్మానియా పడమటి కొండల్లో
జింకు తవ్వుకు బతికే ఊరు మాది.
రైలు వారానికి రెండుసార్లు,
వాన మాత్రం రోజూ.
మూడు షిఫ్టుల ఊళ్ళో
అందరూ ఒకేసారి మేలుకుని ఉండడమే గగనం.
నాయిక రిహార్సల్‌కి వచ్చే వేళకి
నాయకుడు గనిలోకి దిగిపోయేవాడు.
వాళ్ళు ప్రేమించుకున్నదంతా
అవతలివాళ్ళ మాటలు నేను చదువుతుంటేనే.
చివరికి ఆమె రైల్వే గుమాస్తాని చేసుకుంది, అది వేరే సంగతి.

మా మగవాళ్ళకి కళ్ళు దిద్దే పనుండేది కాదు.
రెప్పల అంచున ఎంత తోమినా పోని
సీసపు దుమ్ము కాటుక.

ఆ జూలైలో వేసింది నవ్వుల నాటకం,
లండన్‌లో ఒక ధనికుల ఇల్లు.
లండన్ చూసింది మిస్ ఆర్డ్‌వే ఒక్కతే,
అదీ ఆస్పత్రి కిటికీలోంచి.
తలుపు పదకొండుసార్లు ధడాలున పడాలని రాసి ఉంది.
అట్ట తలుపు ఏం మోగుతుంది?
థెల్మా ట్రెగెన్నా తన వంటింటి తలుపు ఊడదీయించి
తోపుడు బండి మీద తెచ్చింది.
మూడు రాత్రులు వాళ్ళింట్లో చలిగాలి కాపురం చేసింది.
మొగుడు గొణిగాడు, గొణుగుతూనే
మూడు రాత్రులూ ముందు వరుసలో కూర్చున్నాడు,
తన తలుపు మోగినప్పుడల్లా
పక్కవాళ్ళ వైపు గర్వంగా చూస్తూ.

జెనోన్ కోవాలిక్‌ది బట్లర్ వేషం.
యుద్ధం తర్వాత పోలండ్ నుంచి వచ్చినవాడు,
పన్నెండేళ్ళు డ్రిల్లు పట్టి
రెండు చెవులూ రాతికి ఇచ్చేసినవాడు.
అతనికి ఒకే ఒక్క మాట:
"అమ్మగారూ, బండి వచ్చింది."
నా గుసగుస అతనికి చేరదు గనక
చీలమండకి పురికొస కట్టాను.
ఒకసారి లాగితే మాట్లాడు.
రెండుసార్లు లాగితే వెళ్ళిపో.

మూడో రాత్రి వాన
రేకుల కప్పు మీద లారీలతో కంకర పోసినట్టు పడింది.
స్టేజి మీద పెదాలు కదులుతున్నాయి, అంతే.
నాయకుడు గొంతు చించుకున్నాడు.
నాయిక అరిచిన ప్రేమ మూడో వరుస దాటలేదు.
మిస్ ఆర్డ్‌వే తల పట్టుకుంది.
నేను కొస లాగాను.
పొరపాటున లాగానో, తెలిసే లాగానో
ఇన్నేళ్ళయినా తేల్చుకోలేదు.

డ్రిల్లు మీదుగా అరవడం అలవాటైన గొంతు,
"అమ్మగారూ, బండి వచ్చింది!"
వాన ఒక అడుగు వెనక్కి వేసింది.
హాలంతా నవ్వు.
మళ్ళీ లాగాను. మళ్ళీ బండి వచ్చింది.
ఏడుసార్లు వచ్చింది.
జనం బెంచీలు బాదారు.
ఎనిమిదోసారి నేను లాగలేదు.
అతనంతట అతనే ఏదో అన్నాడు,
తన భాషలో, అదే గొంతుతో,
నాలుగైదు మాటలు.
వెనక వరుసలో ఒక ముసలామె లేచి నిలబడింది.
మిగతా వాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.
ఆమె మాత్రం తువ్వాలు నోటికి అడ్డంపెట్టుకుంది.
రెండుసార్లు లాగాను.
అతను వంగి నమస్కరించి, తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాడు.

ఏమన్నావని అడగలేదు.
అడగాలంటే కాగితం మీద రాయాలి,
రాస్తే జవాబూ రాస్తాడు,
అప్పుడది నా దగ్గర ఉండిపోతుంది.

సోమవారం తలుపు తిరిగి ఇచ్చేశాం.
దానికి లండన్ ఆకుపచ్చ రంగు వేసి ఉంది,
థెల్మా గీకించలేదు.

గని మూసేసినప్పుడు
కంపెనీ వాళ్ళు హాలు రేకులు విప్పి అమ్మేశారు.
మమ్మల్ని తీసుకెళ్ళే బస్సు వచ్చిన ఉదయం
జెనోన్ దానికి వీపు పెట్టి
కొండ గాయం కేసి చూస్తున్నాడు.
డ్రైవరు హారన్ కొట్టాడు, ఇంకోసారి కొట్టాడు.
అందరూ నా వైపే చూశారు,
మాట అందించేది నేనే కదా.
కొస లేదు.
వెళ్ళి చొక్కా చెయ్యి పట్టుకు లాగాను,
ఎన్నిసార్లో లెక్కపెట్టుకోలేదు.