పదో నంబరు కాలరు

పోర్టు స్టేడియం వెనక, నీళ్ల ట్యాంకు పక్కన
ఇరవై మూడు జెర్సీలు ఉతుకుతాను.
ఆట చూడను.
ఆటే నా దగ్గరికొస్తుంది
సాయంత్రం, బకెట్లలో.

నాలుగో నంబరు మా జాలరిపేట కుర్రాడిది,
మైలపల్లి నూకరాజు.
రెండు నీళ్లు మార్చినా వదలని ఎర్రమట్టి,
మోచేతి దగ్గర నెత్తురు.
దానికి చన్నీళ్లే. వేణ్ణీళ్లు తగిలితే మరక ఉండిపోద్ది.
పదో నంబరు మిజోరం నుంచొచ్చిన జోసాంగది.
జాడిస్తే చాలు.

కోచ్ గారు పైపు కింద కాళ్లు కడుక్కుంటూ అంటారు:
"పదికి కాలుంది, కసి లేదు.
నాలుక్కి కసి ఉంది, కాలికి చదువు లేదు.
ఇద్దర్నీ కలిపి ఒక్కణ్ణి చేస్తే బావుణ్ణు."
నేను సబ్బు రుద్దుతుంటాను. నన్నెవరడిగారు?

అడిగితే చెప్పేదాన్ని.
ఆ పదో నంబరు కాలరు చూశారా బాబూ,
లోపలి అంచంతా పంటి గాట్లు,
ఆట ఆటకీ కొత్తవి,
కుట్టూడి, దారాలు ఎంగిలికి బిరుసెక్కి.
నూకరాజు ఎడమ మేజోడు చూశారా,
లోపలి వైపే చిరిగింది,
అందరూ పడుకున్నాక గోడకేసి బంతి కొట్టీ కొట్టీ.
ఆ గోడ సున్నం
నా బకెట్లో తెల్లగా తేలుతుంది.

రేపు జట్టు వెళ్తుంది. ఇరవై మందే.
జాబితా ఇంకా అంటించలేదు.
ఈ సముద్రపు గాలికి ఏదీ సరిగా ఆరదు,
ఆరినవాటి మీద పోర్టు బొగ్గుపొడి వాలుతుంది,
పది మీదా, నాలుగు మీదా.
దులుపుతాను.

కాలరుకి కొత్త పట్టీ వేశాను,
ఈసారి మందం గుడ్డతో.
కొరుక్కోనీ.