మొప్ప ఎత్తి చూడటం

డాబాగార్డెన్స్‌లో నీలం టార్పాలిన్ కింద
ఎల్లాజీ పాత పుస్తకాలు తూకానికి అమ్ముతాడు, కిలో వంద.
నేనేమో ఫిషింగ్ హార్బర్‌లో కాటా గుమస్తాని,
చేత్తో ఎత్తితే చాలు, బరువు చెప్పేస్తాను.
ఈ జావాస్క్రిప్ట్ పుస్తకం కిలో ఆరొందలు.
పది రోజుల్లో నేర్పేస్తానని అట్ట మీద ఒట్టు వేసింది.
పది రోజుల్లో వలకి ముడెయ్యడమే రాదంటాడు మా సరంగు.

నాకు కావలసింది చిన్నదే.
తెల్లారి నాలుగింటికి వేలంపాటలో
సోనాబోటు దిగిన వంజరం ధర
నేను ఫోన్‌లో నొక్కగానే మారాలి.
మధురవాడ హోటలాయనా
జెట్టీ మీద బుట్టతో నిలబడ్డ నూకాలత్తా
ఒకే అంకెని ఒకే క్షణాన చూడాలి.
గోడ మీద సుద్దతో రాసిన నిన్నటి రేటులాంటి పేజీ వద్దు.
ముట్టుకుంటే కదిలేది, అత్తిపత్తి ఆకులాంటిది
కావాలి.

ఒకదాని వెనక అట్టలో సీడీ ఉంది.
ఇంద్రధనుస్సు బాగుంది, తిప్పే మెషీనే లేదు.
ఇంకోదానికి ఉప్పుగాలి తగిలి పేజీలు అతుక్కుపోయాయి,
అది పొగిడే బ్రౌజర్ పోయి ఎన్నేళ్లయిందో!
కొత్తగా మెరిసేదొకటి
మొదటి పేజీలోనే "మీకు తెలిసిందేగా" అంటుంది.
తెలిస్తే నీ దగ్గరికెందుకొస్తానమ్మా?

"కన్ను చూసి కొనకు" అనేది నూకాలత్త,
"ఐసులో పెడితే కంటికి మెరుపొత్తాది.
మొప్ప ఎత్తి చూడు."

పుస్తకానికి మొప్ప ఎక్కడుంటుంది?
వెనక నుంచి తిరగేశాను,
తప్పొస్తే ఏం చెయ్యాలో ఎక్కడ రాశారా అని.
లావుపాటి దాంట్లో ఎవరూ ఏనాడూ తప్పు చెయ్యలేదు.
అట్ట ఊడిన సన్నటి దాంట్లో
పదకొండు పేజీలున్నాయి.
ఒక్క బ్రాకెట్ మూయడం మరిచి
మూడు రాత్రులు వెతుక్కున్నానని రాసినాయనే ఒప్పుకున్నాడు.
ఎర్రగా ఉంది మొప్ప.

అంచుల్లో ఎవరివో పెన్సిల్ రాతలు, తెలుగులో:
"ఫంక్షన్ అంటే పని చెప్పి పంపిన మనిషి.
వచ్చేటప్పుడు ఏదో ఒకటి తెస్తాడు.
ఒక్కోసారి వట్టి చేతులు."
ఏడో అధ్యాయం సగంలో రాతలు ఆగిపోయాయి.
ఆ తర్వాత కాగితం తెల్లగా,
ఎవరూ నడవని తడి ఇసకలా.

"సన్నదేటి తీసావు? లావుది తీస్కో, ఇలవైనది"
అంటూనే తూచాడు ఎల్లాజీ.
మూడొందల నలభై.
ఇరవై గ్రాములు ఎక్కువ చూపిస్తోంది అతని కాటా,
నాకు తెలుస్తుంది.
పెన్సిల్ రాతల బరువనుకుని
ముప్పై నాలుగూ ఇచ్చేశాను.

రాత్రి ఐసు ఫ్యాక్టరీ మెట్ల మీద
ఆఫీసు లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని
మొదటి బటన్ పెట్టాను. నొక్కాను.
ఏమీ కదల్లేదు.

పెన్సిల్ చెక్కుకుని
ఆ పదకొండు పేజీల దగ్గరికి వెళ్లాను.