మన్నులో వాటా

పొద్దుటూర్లో తెల్లారుజాము నాలుగు.
బంగారు అంగళ్ల బజారులో
షట్టర్లన్నీ కండ్లు మూసుకోనుండాయి.
నేనొక్కణ్ణే మూసుకోగూడదు.
కుర్చీ, కర్ర, విజిలు,
ఎవరి కొలతకో కుట్టిన నీలం చొక్కా.
తలపైన ఎర్ర అంకెల బోర్డు
రాత్రంతా నిన్నటి ధర చూపిస్తానే ఉంటాది,
చూసేదానికి నేనూ రెండు కుక్కలూ తప్ప
ఎవరూ లేకున్నా.
ఒగసారి లెక్కేసుకుంటి:
నెలంతా మేలుకుంటే ఒక గ్రాము రాదు.

అప్పుడొస్తాది మాబున్ని.
అరిగి అరిగి జానెడు మిగిలిన పొరక,
చాట, సిమెంటు గోతం,
కొంగున ముడేసిన సూదంటురాయి.
వంగిందంటే ఇంక లేవదు.
మెట్ల మూలలు, బండల సందులు, కాలవ అంచు.
ఆకురాయి కింద ఎగిరిన రజను,
పనోళ్లు చేతులు కడిగిన నీళ్లలో జారిన పొడి,
కొన్నోళ్ల చెప్పులకు అంటుకోని
వాళ్లకు తెలీకుండా బయటికొచ్చిన
వీసంలో వీసం.
అన్నీ ఆమెకు తెలుసు యాడ ఆగుతాయో,
చీమకు బెల్లం తెలిసినట్టు.

మన దేశంలో ఆడోళ్ల మెడల్లో ఉండే బంగారంతో
ఇంకో దేశాన్నే కొనొచ్చంట.
అంగడాయన కొడుకు ఫోన్లో ఎవరితోనో అంటాంటే విన్యా.
మాబున్ని మెడలో నల్లపూసలు,
అవి గూడా గాజువి.

మన్ను ఇంటికి తీసకపోయి కడుగుతాది.
పాదరసం పోసి ఉత్త చేతుల్తో పిసుకుతాది.
టీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుతాది.
"చలి సామీ" అంటాది,
రోహిణి కార్తెలో.

నిన్న అంగడాయన పిలిచి చెప్పినాడు:
"ముందరి మన్ను గుత్తకిచ్చినాం,
ఇంక ఎవర్నీ చిమ్మనీయొద్దు."
సరేనంటి.
సరే అనేదానికే గదా జీతం.

రాత్రి విజిలు నోట్లో పెట్టుకోని కూచున్యా.
ఊదితే ఆమె పోతాది.
ఊదకుంటే నేను పోతా.
పైన కెమెరాకు నిద్ర లేదు,
దానికి జీతమూ లేదు.
ఊదలేదు. నోట్లోంచి తీసి చెప్పినా,
"గుత్తకిచ్చినారంట, మాబున్నీ."
ఆమె నడుము నిలబెట్టింది.
ఇన్నేండ్లలో ఆమె ఎత్తు ఎంతో
నాకు తెలిసింది అప్పుడే.
ఏడుస్తాదనుకుంటి.
"ఎంతకంట?" అనడిగింది.
తెలీదంటి.
"తక్కువకే ఇచ్చుంటాడు,
మన్ను ధర వాళ్లకేం తెలుసు" అనింది.

ఎదురుగా ట్రాన్స్‌ఫార్మర్ పక్కన,
కెమెరాకు కనపడని చీకట్లో కూచుంది.
రోజూ గోతంతో పోయే మనిషి
ఉత్త చాటతో ఎట్ల లేస్తాది?
పోయినా. బూట్లిప్పినా.
మూడేండ్లు ఈ బండల మీదనే తిరిగిన బూట్లు.
ఆమె చాటలో బోర్లించి తట్టినా.
మన్ను రాలింది,
ఒక సీసా మూత, వడ్లగింజ.
సూదంటురాయి తిప్పితే
విరిగిన గుండుసూది వచ్చి అతుక్కునింది.
మాబున్ని నవ్వింది.
"మూడేండ్ల కాపలాకు ఇదేనా సామీ నీ వాటా?"
అయినా ఆ పిడికెడూ
కొంగులో మూట కట్టుకునింది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ.
ఆటో నిండా గోతాలతో గుత్తాయన మనుషులొచ్చినారు,
చేతులకు తొడుగులేసుకోని.

నేను మాత్రం
అప్పట్నుంచి కాళ్లీడ్చి నడుస్తాండా,
మెట్ల మూలల్లో, బండల సందుల్లో, కాలవ అంచున.
అంగడాయన కెమెరాలో చూసి అడిగినాడు,
"ఏం, మోకాలు నొప్పా?"
అవునంటి.