రెండో వాకిలి

శుక్రవారం అసర్ నమాజు అయినాక
హవల్లీలో షట్టర్లు లేస్తాయి.
జేబులో పదకొండు దినార్లు, మూడు వందల యాభై ఫిల్సులు,
లిఫ్టు లాగ్‌బుక్కులోంచి చించిన చీటీ.

బోర్డు ముందే ఉండాది నా దగ్గర.
ఖాళీ చేస్తున్న ఆఫీసులో చెత్తలోకి పోతుంటే
అడిగి తెచ్చుకున్న పచ్చటి పలక,
అరచేతిలో పడుతుంది.
దానికి వాకిలి ఒకటే.
వచ్చే నెట్టుకొకటి, పోయే నెట్టుకొకటి
రెండుండాల రౌటరు కావాలంటే.

నా అరబ్బీ ఎంత, "బాబ్ తానీ" అన్నాను.
అంగడాయన అలెప్పో మనిషి,
మర్యాదగా వెనక వాకిలి చూపించినాడు.
చీటీ మీద బొమ్మ గీస్తే
నవ్వి, నవ్వి, డ్రాయరు లాగినాడు.
నల్ల మూతి అడాప్టరు ఇరుకు సందు,
నీలం మూతిది రోడ్డు.
మూడుంపావు దినార్లు. నీలమే.

తర్వాత కరెంటు.
ఒకటిన్నర దినారు చార్జరు, నాలుగు దినార్ల చార్జరు,
మీద రాసిన అంకెలు రెండింటికీ ఒకటే.
చెరో చేతిలో పెట్టి తూచినాను.
తేలికది అబద్ధం చెబుతుంది.
పద్నాలుగేళ్ళ లిఫ్టు పనిలో నేర్చుకున్నది ఇంతే:
మోటారును తిట్టే ముందు
దానికి అందే కరెంటును అనుమానించు.

కార్డు కొనలేదు.
మస్తాన్ వలీ పాత ఫోనులోది ఇచ్చినాడు,
నాలుగు వందల వాలీబాల్ వీడియోలు
ఒక్కొక్కటీ చూసి, ఒక్కొక్కటీ తుడిచి.

బిళ్ళ బ్యాటరీ ఆరు వందల ఫిల్సులు.
అది లేకుంటే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా
బోర్డుకు ఏ సంవత్సరమో తెలీదు,
మేమెవరమూ పుట్టని రోజులోకి లేస్తుంది.
నవ్వొచ్చింది గానీ
అకామా తేదీలు గుర్తొచ్చి కొనేసినాను.

ఇక వేడి.
జూలైలో మహబూలా, ఆరో అంతస్తు,
గోడ మీద చెయ్యి పెడితే పెనం.
ఫ్యాను ఐదు వందల ఫిల్సులు, గోరింటాకు డబ్బీ అంత,
తిప్పి చూస్తే ఈగలా మోత.
పక్కన అల్యూమినియం పెట్టె, ఒంటినిండా రెక్కలు,
రెండున్నర దినార్లు, నోరెత్తదు.
పెంచలయ్య బేకరీలో రాత్రి డ్యూటీ,
పగలంతా మాకు దుప్పటి కింద కొండ.
వాని నిద్దర కోసం పెట్టెనే ఎంచినాను.
అరమీటరు కేబులు పోను మిగిలింది ఐదు వందల ఫిల్సులు,
అది బస్సుకు.

రాత్రి రూములో అందరూ చుట్టూ చేరినారు,
ఆపరేషన్ చూసేటట్టు.
మా లిఫ్టులో పలక ఉంటుంది: ఆరుగురికి మించరాదు.
మేము ఏడుగురం.
ఎవరికి ఎంత, ఎప్పుడు, అని వాటాలు రాస్తావుంటే
స్క్రీను ఒక ప్రశ్న అడిగింది:
ఏ ఊరి టైము?

"కువైటుది" అన్నాడు ఓబులేసు, "తింటాండేది ఈడ గదా."
"ఇండియాది" అన్నాడు మస్తాన్,
"నెట్టు గట్టిగా వాడేది ఆడ పొద్దుగూకినప్పుడే."
రెండున్నర గంటల మీద
గంటన్నర కొట్లాట.
ఎప్పుడూ నెట్టు వాడని చెంగల్రాయుడు,
ప్రతి నెలా వాటా మాత్రం తప్పకుండా ఇచ్చేవాడు,
కళ్ళు మూసుకునే అన్నాడు:
"యాదో ఒకటి పెట్టండబ్బా, తెల్లారుతుంది."
ఏ ఊర్లోనో చెప్పలేదు.
కువైటే పెట్టినాను.

మూడు రోజులు బాగా నడిచింది.
రెక్కల పెట్టె వేడెక్కుతుంది, చల్లారుతుంది,
చప్పుడు లేదు.
నాలుగో రోజు మధ్యాన్నం
పెంచలయ్య కొండలోంచి లేచి కూర్చున్నాడు,
కళ్ళు ఎర్రగా.
"పాత డబ్బా గుర్రుమంటావున్నింది.
రాత్రంతా పిండి మిషను మోతలో ఉండేవాణ్ణి,
ఇంత నిశ్శబ్దంలో ఎట్లా పండుకునేదబ్బీ?"

చీటీ ఇంకా జేబులోనే ఉండాది.
వెనక్కి తిప్పి రాసుకున్నాను:
ఫ్యాను ఒకటి, ఐదు వందల ఫిల్సులు.
మోత చేసేదే.