కూర్చున్న కంటి ఎత్తు

చక్రాల కుర్చీ వెడల్పు ఇరవై అయిదున్నర అంగుళాలు.
జాకెట్లు కొలిచే టేపుతోనే కొలిచాను
అమ్మ అందులో కూర్చుని ఉండగానే.
"చంక కింద కాస్త వదులు పెట్టవే" అంది.
ఇప్పుడామె కుడి పక్క మాత్రమే నవ్వుతుంది.

పారిస్ కార్నర్‌లో ట్రావెల్ ఏజెంటు జెబరాజ్
మూడు ఓడల బొమ్మలు బల్ల మీద పరిచాడు
పెళ్ళి చీరలు పరిచినట్టు.
మొదటిదానికి పదకొండు అంతస్తులు,
నీళ్ళ జారుడుబండ, రాత్రిళ్ళు మేజిక్కు.
స్నానాలగది తలుపు ఎంత వెడల్పన్నాను.
ఫోన్ చేశాడు, ఆగాడు, ఇంకెవరికో చేశాడు.
ఇరవై రెండు. గడప ఆరంగుళాలు.
మూడున్నర అంగుళాల కోసం
పదకొండు అంతస్తులూ మడిచి పక్కన పెట్టాం.

రెండోదాని గది బాగుంది.
పట్టుకోవడానికి గోడకి కడ్డీలు, కూర్చుని పోసుకోవడానికి పీట.
కానీ మూడోరోజు అది రేవు దాకా పోదట.
నడినీళ్ళలో లంగరేసి
చిన్న పడవల్లోకి జనాన్ని దించుతారట.
"ఇద్దరు కుర్రాళ్ళు ఎత్తి దించేస్తారు మేడం, భయం లేదు."
భయం కాదు, జెబరాజ్.
ఆసుపత్రిలో స్కానింగ్ బల్ల మీదికి
మూటని విసిరినట్టు ఎత్తారు ఆమెని.
అప్పట్నించి ఎవరు ఎత్తబోయినా
కుచ్చిళ్ళు పిడికిట్లో బిగించుకుంటుంది.
నీ దరఖాస్తులో దానికి గడి లేదు.

మూడోది పాత ఓడ, చిన్నది. నాలుగు రాత్రులు.
ఒక్క వైజాగ్ రేవు, అక్కడ చెక్క వంతెన,
మిగతా అంతా ఊరికే నీళ్ళ మీద.
"చూసే ఊళ్ళు తక్కువ మేడం, డబ్బు దండగ."

ఇరవై ఆరేళ్ళు అమ్మ రాయపురంలో
ఓడల సామాన్ల కొట్టుకి జెండాలు కుట్టింది.
ఒట్టి పసుపు గుడ్డ అయితే: మాలో రోగం లేదు, రానివ్వండి.
నీలం నడుమ తెల్ల చదరం: అందరూ ఎక్కండి, బయల్దేరుతున్నాం.
సంతకం పెట్టడానికి తడుముకునే మనిషి
సముద్రం భాష తప్పుల్లేకుండా రాసింది
ఎడమకాలితో తొక్కి తొక్కి.
ఇవాళ ఆ కాలు చెప్పులో కూడా నిలవదు.
ఆ జెండాలు ఎన్ని రేవులు చూశాయో!
అమ్మ ఎక్కింది మాత్రం పెరంబూరు బస్సే.

రాత్రి మూడు ఓడల సంగతీ చెప్పాను.
తలుపుల గురించి అడగలేదు, ఊళ్ళ గురించి అడగలేదు.
"డెక్కు మీద కమ్మీ ఎంత ఎత్తు?"
"గట్టిగానే ఉంటుందిలే, పడిపోవు."
"అది కాదే. కూర్చుంటే నా కళ్ళకి అడ్డమొస్తుందా?"

ఎనిమిది నెలలుగా కొలుస్తూనే ఉన్నాను
గడపలు, వాలు, లిఫ్టులు, మంచం ఎత్తు.
ఒక్కసారీ ఆ కుర్చీలో నేను కూర్చోలేదు.
ఆమె నిద్రపోయాక కూర్చుని
మా మూడో అంతస్తు బాల్కనీలోకి తోసుకున్నాను.
పిట్టగోడ నా కనుబొమల దాకా ఉంది.
అమ్మ నాకంటే పొట్టి.
"కాసేపు బయట చూస్తూ కూర్చో" అని
రోజూ పొద్దున షాపుకి పోతూ
నేను ఆమెకి చూపించింది వెల్లవేసిన గోడని.
పెచ్చు ఊడిన చోట ఇటుక కనబడుతోంది
సరిగ్గా ఆమె చూపు ఆనేచోట.

జెబరాజ్ కాసేపు మాట్లాడలేదు.
"ఇది ఎవరూ అడగలేదు మేడం."
అతని బావమరిది మూడో ఓడ వంటగదిలో పనిట.
వారానికి ఫోటో వచ్చింది,
బోర్లించిన బకెట్ మీద కూర్చుని తీసింది.
సన్నని కమ్మీలు, వాటి సందుల్లో
అడ్డు లేని నీళ్ళు.
అమ్మ ఫోన్ దగ్గరికి లాక్కుని
వేళ్ళతో పెద్దది చేసి చేసి చూసింది
నీళ్ళని కాదు, మూలన ఎగిరే జెండాని.
"అంచు ఒక్క మడతే వేశాడు. గాలికి పీలికలవుతుంది."

జనవరికి డబ్బు కట్టేశాను.
సామాన్ల చీటీలో మాత్రల కింద
నాచేత రాయించింది: లావు సూది, నీలం దారం.
ఈలోగా పిట్టగోడని రెండు గజాల మేర కొట్టి
కమ్మీలు పెట్టిస్తానని ఇంటి ఓనరుని అడిగాను.
ఇంకా ఏమీ చెప్పలేదు.